చిత్రమున స్పష్టత, కొలతలో యథార్థత: ఎలుక మెదడు పెట్ చిత్రములపై ఒక విమర్శ

వైజ్ఞానిక పత్రికలను తిరగవేయువారికి ఎలుక మెదడు చిత్రములు క్రొత్త కావు. నల్లని నేపథ్యముపై నీలము, పసుపు, ఎరుపు రంగులు మెరయుచుండును. ఎరుపుగా నున్నచోట మందు ఎక్కువగా చేరినదనియు, నీలముగా నున్నచోట తక్కువగా చేరినదనియు క్రింద వ్రాసియుందురు. చూచువారు దానిని ఛాయాచిత్రమని తలతురు. అది ఛాయాచిత్రము కాదు. లక్షలకొలది గామా కిరణములను లెక్కించి, ఆ లెక్కనుండి కంప్యూటరు కట్టిన అంకెల పటము. రంగులు ఆ అంకెలకు పిమ్మట వేసినవి. కావున ఆ చిత్రమును గూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్న 'ఎంత స్పష్టముగా నున్నది?' అని కాదు. 'ఆ అంకెలు ఎంతవరకు నిజము?' అని.

ఈ రెండు ప్రశ్నలు ఒకటి కావు. గత ముప్పది సంవత్సరములలో చిన్న జంతువుల మెదడును చిత్రించు పెట్ యంత్రములు ఎంతో అభివృద్ధి చెందినవి. అయితే ఆ అభివృద్ధిని కొలుచుటలో స్పష్టతకు ఇచ్చిన గౌరవము యథార్థతకు ఇచ్చుట లేదు. పార్కిన్సన్ వ్యాధికి ఒక క్రొత్త మందు పనిచేయునా లేదా అని మొదట ఎలుకలపై చూతురు. అంకె తప్పైనచో పనికిరాని మందు మనుష్యుల వరకు పోవచ్చును. పనికివచ్చు మందు ఎలుక దగ్గరనే ఆగిపోవచ్చును. రెంటియందును నష్టపోవువాడు రోగి. పరీక్షకు బలియైన జంతువుల ప్రాణములును వ్యర్థమగును.

చిత్రము పుట్టు విధము

ధనవిద్యుత్తు గల ఎలక్ట్రానును పాజిట్రాన్ అందురు. దీనిని 1932లో ఆండర్సన్ కనుగొనెను. ఫ్లోరిన్-18, కార్బన్-11 వంటి రేడియోధార్మిక పరమాణువులు పాజిట్రానును వెలువరించును. అది కణజాలములో కొంచెము దూరము పోయి, ఒక ఎలక్ట్రానుతో కలిసి నశించును. ఆ నాశమునుండి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల రెండు గామా కిరణములు దాదాపు ఎదురెదురు దిక్కులకు పోవును. జంతువు చుట్టును వలయముగా అమర్చిన స్ఫటికములలో రెండు ఒకే క్షణమున మెరసినచో, ఆ రెంటిని కలుపు గీతమీద ఎక్కడనో పాజిట్రాన్ నశించినదని తెలియును. ఎక్కడనో తెలియదు. ఇట్టి లక్షల గీతలనుండి అసలు చోట్లను ఊహించుటయే చిత్రనిర్మాణము.

ఫెల్ప్స్, హాఫ్మన్, టెర్-పొగోసియన్ అను శాస్త్రజ్ఞులు 1970-80 దశకములో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఈ పద్ధతికి నేటి రూపమిచ్చిరి. గ్లూకోజువంటి అణువునకు ఫ్లోరిన్-18ను తగిలించి, మెదడులో ఏ భాగము ఎంత పనిచేయుచున్నదో చూచుట 1976లో మొదలైనది.

ఈ పరమాణువుల ఆయుర్దాయమే ఒక పరిమితి. ఫ్లోరిన్-18 అర్ధజీవితకాలము సుమారు 110 నిమిషములు. కార్బన్-11కు సుమారు 20 నిమిషములు. హైదరాబాదులో తయారైన ఫ్లోరిన్-18 మందును రోడ్డుమీద అయిదు గంటలలో గుణదలకు చేర్చినారనుకొందము. బయలుదేరినప్పటి ధార్మికతలో 15 శాతము మాత్రమే మిగులును. అదే కార్బన్-11 అయినచో ముప్పదివేలలో ఒక వంతు మిగులును. అనగా ఏమియు మిగులదనుటయే. కార్బన్-11 వాడదలచినవారు దానిని పుట్టించు సైక్లోట్రానును ప్రక్కనే ఉంచుకొనవలెను.

మెదడు చిన్నది, మసక పెద్దది

మనుష్యుని మెదడు సుమారు 1,350 గ్రాములు తూగును. ఎలుక మెదడు సుమారు రెండు గ్రాములు. చుంచెలుక మెదడు అర గ్రాము కూడ ఉండదు. సాధారణముగా ఆసుపత్రులలో వాడు పెట్ యంత్రము నాలుగైదు మిల్లీమీటర్ల కంటె దగ్గరగా నున్న రెండు బిందువులను వేరుచేసి చూపలేదు. చుంచెలుక మెదడు వెడల్పే సుమారు ఒక సెంటీమీటరు. అట్టి యంత్రములో అది ఒకటి రెండు మచ్చలుగా కనబడును.

ఈ కష్టమును గుణదలవారు ప్రతి సంవత్సరము చూచుచునే ఉన్నారు. ఫిబ్రవరి 9 మొదలు 11 వరకు మేరీమాత ఉత్సవములలో కొండకు దీపాలంకరణ చేయుదురు. కొండ క్రింద నిలిచినవానికి ప్రతి దీపము వేరుగా కనబడును. మైళ్ల దూరమునుండి చూచువానికి అవన్నియు కలిసి ఒక వెలుగు చార. దీపముల సంఖ్య తగ్గలేదు. ఏ దీపము ఎంత వెలుగుచున్నదో చెప్పు శక్తి మాత్రము పోయినది.

అంతటితో ఆగినచో నష్టము స్పష్టతకే. యథార్థతకు కలుగు నష్టమును తెలిసికొనుటకు కొండ దిగి పొలములోనికి పోవలెను. గట్టు గట్టిగా లేని చిన్న వరిమడికి నీరు పెట్టినచో కొంత నీరు ప్రక్క మడిలోనికి ఊరిపోవును. మడిలో నిలిచిన నీటిని కొలిచిన రైతునకు తాను పెట్టినదానికంటె తక్కువ కనబడును. పొరుగు మడిలో పెట్టనినీరు కనబడును. మడి ఎంత చిన్నదైన ఈ తప్పు అంత పెద్దది. పెట్ చిత్రములో జరుగునది ఇదే. దీనికి పాక్షిక ఘనపరిమాణ ప్రభావమని పేరు.

దీని పరిమాణమును లెక్కకట్టవచ్చును. యంత్రపు మసక 2 మిల్లీమీటర్లనుకొందము. చుట్టును ఏ ధార్మికతయు లేని గోళమొకటి ఉన్నదనుకొందము. గోళపు వ్యాసము 6 మిల్లీమీటర్లైనచో, దాని మధ్యలో చిత్రము చూపు విలువ నిజమైన విలువలో 99 శాతము. వ్యాసము 4 అయినచో 86 శాతము. 3 అయినచో 63 శాతము. 2 అయినచో 29 శాతము మాత్రమే. ఎలుక మెదడులో డోపమిను పనిచేయు స్ట్రయేటమ్ అను భాగము కొన్ని మిల్లీమీటర్లదే. చుంచెలుకలో అది ఇంకను చిన్నది.

ఈ నాలుగు అంకెలలోనే ఒక ప్రమాదము దాగియున్నది. వ్యాధివలన ఒక భాగము 4 మిల్లీమీటర్లనుండి 3 మిల్లీమీటర్లకు కుంచించుకొనిపోయినదనుకొందము. అందులోని మందు గాఢత ఏమాత్రము మారలేదు. అయినను చిత్రములోని విలువ 86 నుండి 63కు పడిపోవును. ఇది నాలుగవ వంతునకు మించిన తగ్గుదల. 'గ్రాహకములు నశించినవి' అని పరిశోధకుడు వ్రాయును. మారినది పరిమాణమే గాని గాఢత కాదు. ఇట్టి తప్పును కన్ను పట్టలేదు. ఎందుకనగా చిత్రము ముందువలెనే స్పష్టముగా నుండును.

మొదటి మార్గము: సన్నని స్ఫటికములు

మసకను తగ్గించుటకు అందరికి మొదట తోచునది స్ఫటికములను సన్నగా కోయుట. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సైమన్ చెర్రీయు, ఆయన సహచరులును నిర్మించి 1997లో ప్రకటించిన మైక్రోపెట్ యంత్రము ఈ మార్గమునకు మేలుబంతి. అందలి స్ఫటికములు 2 మిల్లీమీటర్ల మందము, 10 మిల్లీమీటర్ల పొడవు గలవి. వలయపు వ్యాసము సుమారు 17 సెంటీమీటర్లు. విభేదనశక్తి సుమారు 2 మిల్లీమీటర్లు. తరువాత వచ్చిన యంత్రములు ఒక మిల్లీమీటరు దాపునకు, కొన్ని అంతకు లోపలికిని చేరినవి.

వలయమును చిన్నదిగా చేయుటలో నిజమైన లాభము కలదు. రెండు గామా కిరణములు సరిగా ఎదురెదురుగా పోవు, స్వల్పముగా వంగును. ఆ వంపువలన కలుగు మసక వలయపు వ్యాసముతో పెరుగును. 80 సెంటీమీటర్ల వలయములో అది సుమారు 1.8 మిల్లీమీటర్లు, 17 సెంటీమీటర్ల వలయములో 0.4 మిల్లీమీటరునకు లోపు. ఇది ఏ గణితపు మాయయు లేని మెరుగు. ఈ విషయమున యంత్రనిర్మాతలను మెచ్చుకొనవలసినదే.

అయితే ఈ మార్గమునకు మూడు అడ్డంకులున్నవి. మొదటిది పాజిట్రాన్ స్వభావము. ఫ్లోరిన్-18 నుండి వచ్చు పాజిట్రాన్ నీటిలో సగటున 0.6 మిల్లీమీటరు పోయి నశించును. ఆక్సిజన్-15, గాలియమ్-68 వంటివాని పాజిట్రాన్లు సగటున రెండు మిల్లీమీటర్లకు పైగా పోవును. స్ఫటికమును ఎంత సన్నగా కోసినను, పాజిట్రాన్ పుట్టినచోటు కనబడదు; నశించినచోటే కనబడును. రెండవది ఏటవాలుగా వచ్చు కిరణము. వలయము చిన్నదగుకొలది, మధ్యకు దూరముగానున్న బిందువునుండి కిరణములు పొడవైన స్ఫటికములోనికి ఏటవాలుగా దూరును. ఎంత లోతున మెరసినదో తెలియనిచో గీత తప్పుచోట పడును. అందువలన యంత్రపు మధ్యలో కొలిచిన విభేదనశక్తిని మాత్రమే ప్రకటించుట సగము నిజము చెప్పుట.

మూడవది అన్నిటికంటె ముఖ్యము, అది లెక్క. చిత్రములోని ప్రతి చిన్న ఘనమును మూడు దిక్కులను సగము చేసినచో అది ఎనిమిదవ వంతగును. పదివేల సంఘటనలు దొరకినచోట 1,250 మాత్రమే దొరకును. రేడియోధార్మిక గణనలో యాదృచ్ఛికముగా కలుగు హెచ్చుతగ్గు ఆ సంఖ్య వర్గమూలమంత. పదివేలకు అది 100. అనగా ఒక శాతము. 1,250కి 35, అనగా దాదాపు 3 శాతము. ధార్మికతను ఎక్కువగా ఎక్కించి దీనిని సరిచేయుదమన్న కుదరదు. చుంచెలుక బరువు సుమారు 25 గ్రాములు; మనుష్యుని బరువు దానికి దాదాపు మూడువేల రెట్లు. మందు మోతాదు హెచ్చినచో అదియే గ్రాహకములను ఆక్రమించి, కొలువదలచిన స్థితిని మార్చివేయును. కొలబద్ద బరువునకు వస్తువు వంగినట్లగును.

ఇంకొక చిన్న ఉపేక్షను కూడ చెప్పవలెను. చిన్న జంతువే గదా అని, కణజాలములో కిరణములు శోషింపబడుటను కొందరు లెక్కలోనికి తీసికొనలేదు. 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణములకు మూడు సెంటీమీటర్ల కణజాలము అడ్డమైనచో నాలుగింట ఒక జత పోవును. మనుష్యుని తలలో పోవు 80 శాతముతో పోల్చిన ఇది తక్కువే. అయినను పది శాతపు మార్పును నిరూపింపదలచినవాడు ఇరువదియైదు శాతపు నష్టమును విడిచిపెట్టుట తగునా?

రెండవ మార్గము: గణితము

దొరకిన గీతలనుండి మెరుగైన చిత్రమును గణితముతో రాబట్టుట రెండవ మార్గము. దీని చరిత్రలో ఒక తెలుగు శాస్త్రజ్ఞుని పేరు రెండుచోట్ల తగులును. ఆయన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు. 1920లో హడగళిలో జన్మించిరి. గూడూరులోను, నాటి కృష్ణా జిల్లాలోని నూజివీడు, నందిగామలలోను, విశాఖపట్టణమునను చదివిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమునందును, కలకత్తా విశ్వవిద్యాలయమున సాంఖ్యకశాస్త్రమునందును ఎం.ఏ. పట్టములు పొందిరి. 2023లో కీర్తిశేషులైరి. నూజివీడు, నందిగామ రెండును గుణదలకు పొరుగు పట్టణములే.

మొదటిచోటు ఇది. 1977లో డెంప్‌స్టర్, లెయిర్డ్, రూబిన్ అనువారు 'ఇ.ఎం.' అను గణనపద్ధతిని ప్రకటించిరి. దాని వివరణకు వారు మొట్టమొదట తీసికొన్న ఉదాహరణ రావుగారి 1965 నాటి గ్రంథములోనిది. 197 జంతువులు వంశలక్షణములనుబట్టి నాలుగు వర్గములైనవి: 125, 18, 20, 34. తెలియని రాశి 'య' అనుకొనిన, మొదటి వర్గపు సంభావ్యత సగమును, 'య'లో నాలుగవ వంతును కలిపినంత. రెండవ, మూడవ వర్గములకు ఒకటినుండి 'య' తీసివేయగా మిగిలినదానిలో నాలుగవ వంతు చొప్పున. నాలుగవదానికి 'య'లో నాలుగవ వంతు. మొదటి వర్గములో రెండు జాతులు కలిసిపోయినవి. 125లో ఏది ఎంతో కనబడదు.

ముందు 'య' 0.5 అని ఊహింతము. అప్పుడు 125లో అయిదవ వంతు, అనగా 25, రెండవ జాతివి. దీనిని పట్టుకొని 'య'ను తిరిగి లెక్కించిన, 59ని 97చే భాగింపవలెను, 0.608 వచ్చును. ఈ క్రొత్త విలువతో 125ను మరల పంచి లెక్కించిన 0.624 వచ్చును. ఇట్లు తిప్పగా తిప్పగా 0.627 దగ్గర నిలుచును. పదవ తరగతి విద్యార్థి దీనిని కాగితముమీద చేయగలడు.

పెట్ చిత్రమునకు దీనికి సంబంధమేమి? ప్రతి గీతయు ఆ 125 వంటిదే. దానిమీది ఏ బిందువునుండి ఎన్ని సంఘటనలు వచ్చినవో కలిసిపోయియున్నది. ఒక చిత్రమును ఊహించి, ఆ ఊహనుబట్టి గీతలోని సంఘటనలను బిందువులకు పంచి, పంచినదానినుండి క్రొత్త చిత్రమును కట్టవలెను. షెప్, వార్డి అనువారు 1982లో ఈ పద్ధతిని పెట్ చిత్రములకు తెచ్చిరి. 1994లో హడ్సన్, లార్కిన్ దానిని వేగవంతము చేసిరి. నేటి యంత్రములన్నిటిలోను దీని సంతతియే పనిచేయుచున్నది.

ఈ పద్ధతిలోనికి యంత్రపు మసక స్వరూపమును కూడ ముందే చొప్పించినచో చిత్రము మరింత పదునెక్కును. ఇక్కడ విమర్శ అవసరము. ఇట్లు పదునెక్కించిన చిత్రములలో అంచుల వెంబడి విలువలు నిజముకంటె పైకి పొంగును. చిన్న భాగములలో ఎదురెదురు అంచుల పొంగులు కలిసి, ఉన్నదానికంటె ఎక్కువ ధార్మికతను చూపును. మసకవలన తక్కువ కనబడినది ఇప్పుడు ఎక్కువ కనబడుచున్నది. తప్పు తీరలేదు, దిక్కు మారినది. కన్నుమాత్రము ఈ చిత్రమునకే ఓటు వేయును.

రావుగారి హద్దు

రావుగారి పేరు తగులు రెండవచోటు మరింత లోతైనది. 1945లో, ఇరువదియైదేండ్లయినను నిండకముందే, ఆయన కలకత్తా గణితసంఘపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. అంచనాలలో ఎంతవరకు యథార్థత సాధ్యమనునదే దాని విషయము. స్వీడను దేశీయుడు క్రమేర్ కూడ 1946లో స్వతంత్రముగా అదే ఫలితమును ప్రకటించెను. నేడు దానిని క్రమేర్-రావు హద్దు అందురు.

దాని సారాంశమును సామాన్యముగా ఇట్లు చెప్పవచ్చును. ఏకపక్షముగా ఎక్కువ గాని తక్కువ గాని చూపని ఏ అంచనా పద్ధతియైనను, దాని హెచ్చుతగ్గులను ఒక హద్దునకు దిగువ తేలేదు. ఆ హద్దును నిర్ణయించునది పద్ధతిలోని తెలివి కాదు, కొలతలలో ఉన్న సమాచారము. 1,250 సంఘటనలు మాత్రమే ఉన్నచోట, వానినుండి మాత్రమే లెక్కించువాడు 3 శాతపు హెచ్చుతగ్గును తప్పించుకొనలేడు. ఎవరైన ఒక శాతమునకు తెచ్చితినన్నచో రెండింట ఒకటి జరిగియుండవలెను: ప్రక్క బిందువుల విలువలను కలిపి నునుపు చేసియుండవలెను, లేదా కొలతకు వెలుపలినుండి ఏదో జ్ఞానమును అరువు తెచ్చియుండవలెను. రెంటికిని మూల్యము ఏకపక్ష దోషమే.

హీరో, ఫెస్లర్ మొదలగువారు 1996లో ఈ హద్దును విస్తరించి, ఎంత ఏకపక్ష దోషమునకు ఎంత హెచ్చుతగ్గు తగ్గునో వక్రరేఖగా గీయు విధానమును ప్రకటించిరి. యంత్రములను, పద్ధతులను సరిపోల్చుటకు ఇది న్యాయమైన తూనిక. అయినను చిత్రములను మెరుగుపరచితిమని ప్రకటించు వ్యాసములలో ఈ రేఖ అరుదు. 'ముందు, తరువాత' అని రెండు రంగుల చిత్రములను ప్రక్కప్రక్కన అచ్చువేయుట మాత్రము తప్పదు. ఏ దుకాణపు ప్రకటనయు ఇంతకంటె వేరు కాదు.

ఇటీవల కృత్రిమ మేధతో చిత్రములలోని చెదురును తుడుచు పద్ధతులు వచ్చినవి. వేలకొలది పాత చిత్రములను చూపి కంప్యూటరునకు తరిఫీదు ఇచ్చి, తక్కువ సంఘటనలు గల చిత్రమునుండి నిండైన చిత్రమును రాయించుదురు. ఫలితము ఆశ్చర్యకరముగా నుండును. అయితే అందలి క్రొత్త సమాచారము ఈ ఎలుక మెదడునుండి రాలేదు. పాత ఎలుకల మెదళ్లనుండి వచ్చినది. ఈ ఎలుక వానివంటిదే అయినచో మేలే. వ్యాధిగ్రస్తమైన ఎలుకను ఆరోగ్యవంతమైనదానివలె చూపినచో, పరిశోధకుడు వెదకుచున్న భేదమే తుడిచిపెట్టుకొనిపోవును. హద్దును ఎవరును దాటలేదు. అరువు మాత్రము పెద్దదైనది.

మూడవ మార్గము: మరియొక చిత్రము తోడు

అయస్కాంత అనునాదముతో తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రములో మెదడు భాగముల గట్లు స్పష్టముగా కనబడును. ఆ గట్లను తెచ్చి పెట్ చిత్రముపై ఉంచి, ఏ మడినుండి ఎంత ఊరిపోయినదో లెక్కించి తిరిగి చేర్చుట మూడవ మార్గము. రూసే, ఆయన సహచరులు 1998లో ప్రకటించిన పద్ధతి ఇట్టిది. పైన చెప్పిన కుంచించుకొనుట వలని భ్రమకు ఇదే తగిన మందు. ఈ మార్గము దోషమును పేరుపెట్టి పిలిచి లెక్కించుచున్నది. కావున దీనికి మంచి మార్కులీయవలెను.

దీనికి రెండు షరతులున్నవి. రెండు చిత్రములు సరిగా ఒకదానిపై ఒకటి కూర్చుండవలెను. మనుష్యుని మెదడులో అర మిల్లీమీటరు తొలగుట లెక్కలేనిది. రెండు మిల్లీమీటర్ల భాగములో అది నాలుగవ వంతు. ఇక ప్రతి భాగములోను మందు అంతటను సమానముగా నున్నదని ఈ పద్ధతి ముందే ఒప్పుకొనును. ఒక భాగములో సగము మాత్రమే చెడిన వ్యాధిని వెదకువాడు, సగము చెడుట లేదని ముందే ఒప్పుకొని లెక్క మొదలుపెట్టినట్లగును. సవరింపని విలువను, సవరించిన విలువను రెంటిని అచ్చువేసినచో పాఠకుడు తానే తీర్పు చెప్పుకొనగలడు.

నిద్రించు ఎలుకను కొలిచి మేల్కొన్నదానిని గూర్చి చెప్పుట

ఇంతవరకు చెప్పినవి యంత్రమునకును గణితమునకును సంబంధించినవి. వానిని మించిన దోషము మరొకటి కలదు. ఎలుక కదలకుండుటకు దానికి మత్తుమందు ఇత్తురు. మత్తుమందు మెదడు గ్లూకోజు వినియోగమును మార్చును. గ్రాహకములకు మందు తగులు తీరునుకూడ మార్చగలదు. 2006లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులే చుంచెలుకలపై చూపినదేమనగా, ఆహారము మాన్పించుట, వెచ్చగా నుంచుట, మత్తుమందు రకము అను వీనినిబట్టియే గ్లూకోజు మందు శరీరములో చేరు తీరు ఎంతో మారుచున్నది. ఒక మిల్లీమీటరు స్పష్టతతో తప్పు స్థితిని కొలిచిన లాభమేమి?

ఈ దోషమును నేరుగా ఎదుర్కొన్నవారు అమెరికాలోని బ్రూక్‌హేవన్ జాతీయ ప్రయోగశాలవారు. వారు ఎలుక తలకు తగిలించు చిన్న పెట్ వలయమును నిర్మించి, మేల్కొని తిరుగుచున్న ఎలుక ప్రవర్తనను, మెదడులోని డోపమిను స్థితిని ఒకేసారి చూచి 2011లో ప్రకటించిరి. ఆ వలయపు బరువు సుమారు 250 గ్రాములు. దానిని స్ప్రింగులతో వ్రేలాడదీసి ఎలుకకు భారము తగ్గించిరి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ, బెల్జియములోని ఆంట్‌వెర్ప్ పరిశోధకులు మరొక త్రోవ పట్టిరి. ఎలుకను కదలనిచ్చి, తల కదలికను క్షణక్షణము గుర్తించి, ప్రతి గీతను వెనుకకు త్రిప్పి సరిచేయుదురు. ఈ చిత్రములు కంటికి అంత ఇంపుగా నుండకపోవచ్చును. తలకు తగిలించిన భారము, నిర్బంధము ఎలుకను కలవరపెట్టునన్న ఆక్షేపణయు న్యాయమే. అయినను అడుగదలచిన ప్రశ్ననే అడుగుచున్నవి గనుక, ఈ ప్రయత్నములను స్పష్టతాపోటీలోని గెలుపుల కంటె ఎక్కువగా ఎంచవలెను.

పరీక్షయే సులభమైనచో

యంత్రములను పోల్చుటకు 2008లో అమెరికా విద్యుత్ పరికర నిర్మాతల సంఘము 'ఎన్.యు. 4' అను ప్రమాణమును ఏర్పరచినది. అందొక చిన్న ప్లాస్టిక్ బొమ్మ కలదు. దానిలో 1 నుండి 5 మిల్లీమీటర్ల వరకు వ్యాసము గల అయిదు సన్నని గొట్టములలో ధార్మిక ద్రవమును నింపుదురు. అందరు ఒకే బొమ్మను కొలుచుట ఎంతో మేలు. అంతకుముందు ఎవరి గజము వారిదే.

అయితే ఆ గొట్టముల చుట్టునున్నది ధార్మికత లేని గట్టి ప్లాస్టిక్. మెదడులో ప్రతి భాగము చుట్టును మరొక భాగము వెలుగుచునే యుండును. ఎండిన నేలమధ్య నున్న మడికి నీరు ఊరిపోవుటయే గాని ఊరివచ్చుట లేదు. మెదడు అట్లు కాదు. నలుప్రక్కల మడులు నిండియున్న పొలము. కావున ఈ బొమ్మ పరీక్షలో ఉత్తీర్ణమైన యంత్రము మెదడునందు యథార్థముగా కొలుచునన్న హామీ లేదు. వాడకదారులు ఆ మార్కులను చూపి మెదడు చిత్రములకు విలువకట్టుట ఈతపరీక్ష మార్కులతో పడవ నడుపుట వంటిది.

ఏమి కోరవలెను

చిన్న జంతువుల మెదడు చిత్రమును మెరుగుపరచితిమని చెప్పు ప్రతి వ్యాసమునుండి పాఠకుడు అయిదు సంగతులు కోరవచ్చును. తెలిసిన గాఢతను, కొలిచిన గాఢతను ప్రక్కప్రక్కన చూపవలెను. మెదడువలె చుట్టును ధార్మికత గల నమూనాలోనే చూపవలెను. ఏకపక్ష దోషమును, హెచ్చుతగ్గును రెంటిని చెప్పవలెను. ఒకటి చెప్పి ఒకటి దాచరాదు. అదే ఎలుకను మరొక దినము కొలిచిన ఎంత భేదము వచ్చినదో తెలుపవలెను. పరీక్షానంతరము మెదడు పొరలను కోసి ధార్మికతను నేరుగా కొలిచి సరిచూచియున్నచో ఆ ఫలితమును ఇవ్వవలెను. మత్తుమందు, ఉష్ణోగ్రత, ఆహారము వివరములను విడువరాదు.

ఇవి పెద్ద కోరికలు కావు. ఒకే జంతువును పదేపదే చూడగలుగుట పెట్ పద్ధతి యొక్క గొప్ప సుగుణము. ముందు చంపి చూడవలసిన చోట ఇప్పుడు బ్రతికియుండగనే చూడవచ్చును. రస్సెల్, బర్చ్ అనువారు 1959లోనే, ప్రయోగములలో వాడు జంతువుల సంఖ్యను తగ్గింపుడని కోరిరి. అంకె నమ్మదగినది కానిచో ఈ సుగుణము వట్టిపోవును. సందేహము తీరుటకు మరిన్ని ఎలుకలను తేవలసివచ్చును.

యంత్రము చెంత లేకున్నను ఈ విషయమును ఉన్నత పాఠశాలలో నేర్పవచ్చును. గళ్ల కాగితముపై మధ్యనున్న తొమ్మిది గళ్లలో గడికి తొమ్మిది చొప్పున చింతగింజలు పెట్టుడు. ప్రతి గడినుండి, తనతో కలిపి చుట్టునున్న తొమ్మిది గళ్లకు ఒక్కొక్క గింజ పంచుడు. నట్టనడిమి గడిలో తొమ్మిదియు నిలుచును. మూల గడిలో నాలుగే మిగులును. ఇప్పుడు ఒకే గడిలో తొమ్మిది గింజలు పెట్టి అట్లే పంచుడు. అక్కడ మిగులునది ఒక్క గింజ. మొత్తము మారలేదు, చిన్నదాని విలువ మాత్రము తొమ్మిదవ వంతైనది. విద్యార్థులు దీనిని తమ చేతులతో ఒకసారి చేసిన పిమ్మట, రంగుల మెదడు చిత్రము చూచినప్పుడు దాని అందమును మెచ్చుకొని ఊరకుండరు. ఈ ఎరుపు ఎన్ని గింజలనుండి వచ్చినది, ఎన్ని పొరుగునకు పోయినవి, ఎన్ని అరువు తెచ్చినవి అని అడుగుదురు. గుణదల వైద్య కళాశాలలోనో, మరొకచోటనో రేపు రోగుల చిత్రములను చదువబోవు పిల్లలకు ఆ ప్రశ్న అడుగు అలవాటు ఇప్పటినుండియే కలుగవలెను.